వాలుగ వీపు మీది గొట్టం

వాలుగను మా వైపు ఎవరూ నమ్మరు. మిగతా చేపలు వలలో పడితే తన్నుకుంటాయి. వాలుగ మాత్రం చచ్చినట్టు పడుకొని, చెయ్యి దగ్గరికి రాగానే అందుకుంటుంది. దాని నోరు కళ్ళు దాటి వెనక్కి పోతుంది, పళ్ళు లోపలికి వంగి ఉంటాయి. అది పట్టాక వేలు లాక్కోవడం మన చేతుల్లో ఉండదు. సముద్రం మీద పనిచేసి వచ్చిన సైంటిస్టు సారు దాన్ని మా పుట్టి తెప్పలో మొదటిసారి చూసి, "ఇది మంచినీళ్ళ సొరచేపేనండీ" అని చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు.

తొంభైల మొదటి రోజులవి. నేను చేపల ఆఫీసులో టెంపరరీ మనిషిని. మా ఊరు గోదావరి ఒడ్డున, కరీంనగర్ జిల్లాలో. ఎదురుగా కనిపించే ఒడ్డు ఆదిలాబాద్ జిల్లా. మా వాడ కింద నదిలో ఒక మడుగు ఉంది. ఎండాకాలం నది ఎండి ఇసుక తేలినా ఆ మడుగులో మాత్రం రెండు వాసాలు కలిపి దించినా అడుగు తగలదు. హోళీ నుంచి మృగశిర దాకా అందులో వల వేయకూడదని మా పెద్దల కట్టుబాటు. అక్కడ దాక్కున్న చేపే వానలకు నది నిండా పోయి గుడ్లు పెడుతుందని, మడుగు పోతే నది పోయినట్టేనని మా మామ చెప్పేవాడు. మామ అంటే మా అవ్వకు, కన్నతల్లికి, తమ్ముడు. ఆయన బిడ్డనే నేను చేసుకున్నాను. మా చేపల సొసైటీకి పెద్ద కూడా ఆయనే.

ఆ మడుగును వేలం వేస్తారన్నారు. వేలం ఎవడు పాడతాడో అందరికీ తెలుసు. అంతకు ముందు ఏడు కిందివైపు ఇంకో మడుగును పాడిన కాంట్రాక్టరే. వాడు వలలతో పట్టలేదు, బండలు పగలగొట్టే తూటాలు నీళ్ళలో వేశాడు. మూడు రోజులు తెల్లటి పొట్టలు తేలాయి. లారీలు నిండాయి. తరవాతి ఏడు ఆ మడుగులో పరకపిల్ల కూడా కనబడలేదు, అక్కడి రెండు వాడల వాళ్ళు వలలు చుట్టిపెట్టి కూలికి పోయారు.

మేము కరీంనగర్ పోయి చేపల ఆఫీసు పెద్దసారుకు దండం పెట్టి చెప్పుకున్నాం. ఆయన చెడ్డవాడు కాదు, కాగితం మనిషి. "మీ తాతలు చెప్పారంటే నేను ఫైల్లో ఏం రాయాలి? చేప ఎండాకాలం అక్కడే ఉంటుందని, వానలకు బయటికి పోయి మళ్ళీ అక్కడికే వస్తుందని రుజువు తెండి. ఒక్క చేపదైనా సరే. వచ్చే ఏడాది మృగశిర దాకా వేలం ఆపుతాను" అన్నాడు. మృగశిర నాడు మా వైపు చేప తినని ఇల్లు ఉండదు. ఆ బేరం కోసమే వేలాలన్నీ దానికి ముందు జరుగుతాయి.

అప్పుడు దొరికాడు సైంటిస్టు సారు. ఇంకేదో పని మీద ఆఫీసుకు వచ్చి మా మాటలు విన్నాడు. ఆయన సముద్రంలో సొరచేపల వీపులకు చిన్న గొట్టాలు కట్టి వదిలేవాడట. బొటనవేలంత గొట్టం. లోపల యంత్రం పావుగంటకోసారి చేప ఎంత లోతులో ఉందో, నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో రాసుకుంటుంది. రేడియోలాగా బయటికి మాత్రం ఏమీ చెప్పదు. చేప మళ్ళీ ఎవరి వలలోనో పడి, గొట్టం తిరిగి చేతికొచ్చి, కంప్యూటరుకు తగిలిస్తేనే ఆ కథంతా బయటపడేది. సముద్రం మింగినవి పోగా ఆయన పెట్టెలో మిగిలింది ఒక్కటే. "ఏడాది పైచిలుకు పనిచేస్తుందండీ, ఆ తరవాత బ్యాటరీ చచ్చిపోతుంది. తిరిగొస్తే మీ అదృష్టం" అన్నాడు.

రోహిణి కార్తె మొదట్లో, కట్టుబాటు కదా అని వల వేయకుండా గాలంతో ఒక పెద్ద వాలుగను పట్టాం. వీపు రెక్క కింద రాగితీగ దూర్చి గొట్టం కట్టాడు సారు. కొత్త పని కాబట్టి మా అవ్వ కొబ్బరికాయ కొట్టింది. ఆమె చంకలో నా బిడ్డ ఉంది. రెండేళ్ళ పిల్ల. ఆ ఎండాకాలం దానికి జ్వరం వచ్చినప్పుడల్లా మూర్ఛ వచ్చేది. కళ్ళు తేలేసి, పళ్ళు బిగబట్టి, నీలిరంగుకు తిరిగేది. రెండు రోజుల కిందే మూడోసారి వచ్చింది. కరీంనగర్ డాక్టరుకు చూపించాం, కొండగట్టు గుడికి తీసుకుపోయి వచ్చాం. ఆ పొద్దున పిల్ల అవ్వ చంకలోంచి వంగి చేప తడి వీపు మీద చెయ్యి పెట్టి నవ్వింది. నేను చేపను నీళ్ళలోకి వదిలాను. ఒడ్డున ఉన్న పదిమందీ చూశారు.

ఆ తరవాత ఏడాదంతా నా సైకిలు అరిగింది. గొట్టం తెచ్చినవాళ్ళకు కొత్త నైలాన్ వల ఇస్తామని కాగితాలు రాసి రేవుల్లో, హోటళ్ళలో, బెల్లంపల్లి చేపల బజారు దాకా అంటించాను. వానలు వచ్చాయి, నది నిండింది, తగ్గింది. చలికాలం వచ్చింది. ఎక్కడికి పోయినా ఒకటే జవాబు.

"యంత్రం కట్టిన వాలుగ పడ్డదా?"

"సూడలే. బిడ్డ మంచిగున్నదా?"

ఈ వాడలో అదే మాట, ఆ వాడలో అదే మాట. చేప సంగతి అడిగితే నేల చూసేవాళ్ళు, వెంటనే బిడ్డ సంగతి అడిగేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. నేను అడిగేదేమిటి, వీళ్ళు చెప్పేదేమిటి! కోపం మా బాపు నాకు వదిలిపోయిన ఆస్తి, దాన్ని నేను ఏనాడూ దాచుకోలేదు. కొంతమంది మొహం మీదే అన్నాను, కాంట్రాక్టరు మీ నోట్లో బెల్లం ముక్క పెట్టిండా అని. వాళ్ళు ఒక్క మాట తిరిగి అనలేదు. అది చూసి నా అనుమానం ఇంకా గట్టిపడింది.

మళ్ళీ రోహిణి వచ్చింది. రోళ్ళు పగిలే ఎండ. వేలం ఇంక పన్నెండు రోజులు. గొట్టం తెచ్చినా దాన్ని చదవడానికి సారుకు రెండు రోజులు కావాలి. సొసైటీ మీటింగులో నేను లేచి మామనే అడిగాను.

"నిజం చెప్పు మామా. నీ వలల గూడ పడలేదా? ఏడాది సంది గా చేప గాలిల తిరుగుతుందా? మడుగును ఎంతకు అమ్మిండ్రు?"

మామ ముఖం నల్లబడింది. మేనల్లుణ్ణి, అల్లుణ్ణి, పదిమంది ముందు ఆ మాట అన్నాను. ఆయన చెప్పులు వేసుకొని బయటికి పోయాడు. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే లేచిపోయారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో నాతో మాట్లాడే మనిషి లేదు. నా భార్య అన్నం ముందు పెట్టి వెళ్ళిపోయేది.

రెండో రోజు పుట్టి మీద ఆదిలాబాద్ ఒడ్డుకు దాటాను. అక్కడి రేవులో చేపలు అమ్మే ఒక ముసలామె ఉండేది. అప్పటిదాకా నేను ఆమెతో ఒక్కసారి కూడా మాట్లాడింది లేదు. నేను నోరు తెరవకముందే గంప దించి అడిగింది.

"బిడ్డకు మల్ల రాలేదు గదా కొడుకా?"

"ఏం రాలేదు?"

"గదే, మూర్ఛ."

"రాలే. నీకెట్ల తెలుసవ్వా నా బిడ్డ సంగతి?"

ముసలామె నాలిక కరుచుకుంది. గంప మీద తడిగుడ్డ సర్దింది, ఎవరో పిలిచినట్టు పక్కకు తిరిగింది. "ఏం లేదు, ఏం లేదు. పో బిడ్డా, చల్లగుండు" అంది.

తిరిగి వచ్చేటప్పుడు నది మధ్యలో ఉండగా నాకు అర్థమైంది. ముడుపు చేప! మా వాడల్లో ఎప్పటినుంచో ఉన్న ఆచారం అది. పిల్లకు ప్రాణగండం ఉంటే ఇంటివాళ్ళు ఒక పెద్ద చేపకు రాగితీగ చుట్టి, పిల్ల చేత తాకించి, గంగమ్మకు వదులుతారు. ఆ చేప ఎవరి వలలో పడినా పసుపు పెట్టి వదిలేయాలి. పడ్డదని మాత్రం ఎవరికీ చెప్పకూడదు. ముఖ్యంగా మొక్కిన ఇంటికి తెలియకూడదు. తెలిస్తే మొక్కు చెడుతుంది. చిన్నప్పుడు ఒకసారి విన్నాను. కరీంనగర్‌లో నాలుగక్షరాలు చదివి, ఆఫీసు సైకిలెక్కాక మరిచిపోయాను. రాగితీగ నేనే కట్టించాను, కొబ్బరికాయ మా అవ్వే కొట్టింది, చెయ్యి నా బిడ్డే పెట్టింది. ఆ తరవాత నేనే ఊరూరా తిరిగి చేప పడ్డదా అని అడిగాను. పిల్లను చంకలో పెట్టుకొని ఊరంతా వెతికినట్టు అనే మాట నా కోసమే పుట్టింది. పుట్టిలో కూర్చొని సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

రేవు నుంచి నేరుగా మామ ఇంటికి పోయాను. ఆయన అరుగు మీద వల బాగుచేస్తున్నాడు. నా వైపు చూడలేదు.

"మామా, అది ముడుపు గాదు. అది మిషిను. సర్కారుది."

చేతిలోని కండె ఆగింది. దాన్ని పక్కన పెట్టి అన్నాడు. "మిషినే గావచ్చు. పిల్లకు మల్ల వచ్చిందా?"

"రాలే."

"మరి?"

డాక్టరు చెప్పింది చెప్పాను, వయసు పెరుగుతుంటే తగ్గుతుందన్నాడని. మామ తల ఊపాడు, నమ్మలేదు.

"నీకు తెలిసినంక ఇంక దాసుడేంది? నా వలల రెండుసార్లు వడ్డది. రెండుసార్లు ఇడిసిపెట్టిన. ఇంకెవరికి వడ్డదో నాకెర్కలేదు, అడగద్దు గూడ. నువ్వు గూడ అడగకురా. గా తీగ తెంపుమని నాకు చెప్పకు."

"మడుగు పోతది మామా."

"పోనీ. వాడంత కూలికి పోతం. నా మనమరాలి పానం మీదికి తెచ్చుకొని మడుగేం జేసుకోవాలె?"

మడుగు కోసం ఏడాదిగా ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషి ఆయన. నేను చదువుకున్నవాణ్ణని చెప్పుకుంటాను కాని, నిజం చెప్పాలంటే నాకూ భయం వేసింది. ఏడాదిగా పిల్లకు మూర్ఛ రాలేదు. తీగ తెంపాక వస్తే? యంత్రానికీ మూర్ఛకూ సంబంధం లేదని ఎవరికి చెప్పాలి, నా భార్యకా, నాకా?

మూడు రోజులు అట్లా పోయాయి. వాడలో ఎవరినీ బతిమాలలేకపోయాను. నాలుగో రోజు పొద్దున నా భార్యకు అంతా చెప్పాను. ఆమె వింటూ పిల్లకు తల దువ్వింది. జడ కట్టడం అయ్యాక పిల్లను ఎత్తుకొని లేచింది. ఎక్కడికి అంటే చెప్పలేదు. వెనకే పోయాను. తండ్రి ఇంటి ముందు నిలబడింది.

"బాపూ, మనం మొక్కకున్నా అది మొక్కే అయింది. ఎవరి మొక్కు వాళ్ళే ఇప్పుకోవాలె గదా? పిల్ల నా కడుపుల పుట్టింది. నేను ఇప్పుకుంటున్న. మీరు చేపను వట్టుండ్రి."

"ఒద్దు బిడ్డా."

"వాడకట్టుల యాబై మంది పిల్లలున్నరు బాపూ. వాళ్ళకు అన్నం ఎట్ల? నా ఒక్క బిడ్డ పేరు మీద గాళ్ళందరినీ ఉపాసం పెడ్తమా? రేపు నేను గూడ ఒడ్డుకు వస్త."

మామ లోపలికి పోయి పెద్దవల తెచ్చాడు.

మడుగులో ఎండాకాలం వల దిగడం మా బతుకులో అదే మొదటిసారి. నాలుగు పుట్లు, రెండు వైపుల నుంచి ఇసుక దిబ్బ వైపు లాగడం. మొదటి రోజు బొచ్చెలు, జెల్లలు పడ్డాయి, అన్నీ వదిలేశాం. రెండో రోజు ఒక వాలుగ పడింది, దాని వీపున ఏమీ లేదు. గొట్టం ఊడి అడుగున బురదలో పడిందేమో, చేప ఎప్పుడో చచ్చిందేమో అని నేను లోపల లోపలే చస్తున్నాను. నా భార్య రెండు రోజులూ పిల్లను ఎత్తుకొని ఎండలో నిలబడింది. వేలానికి ఇంక నాలుగు రోజులే మిగిలాయి.

మూడో రోజు పొద్దు నెత్తి మీదికి వస్తుండగా వల బరువెక్కింది. దిబ్బ దగ్గరికి లాగితే, మోకాలి లోతు నీళ్ళలో, అది. వీపు మీద పాకర పట్టిన గొట్టం. చచ్చినట్టు పడుకొని ఉంది. నేను వంగబోయాను. మామ నన్ను పక్కకు నెట్టి తానే దాని తలను పట్టుకున్నాడు. అది ఒక్కసారి తిరిగి ఆయన అరచెయ్యి అందుకుంది. నెత్తురు నీళ్ళలో కలిసింది. ఆయన చెయ్యి లాక్కోలేదు, దాని నోట్లోనే ఉంచి బిగబట్టాడు.

"తెంపు అల్లుడూ! జల్ది!"

నా చేతిలో కటింగ్ ప్లేయర్ ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళంతా మొహాలు అటు తిప్పుకున్నారు. నా భార్య ఒక్కతే నేరుగా చూస్తోంది, పిల్ల తలను భుజానికి అదుముకొని. తీగ తెంపాను. గొట్టం నా పిడికిట్లోకి వచ్చింది. చేప దవడ వదిలి లోతుకు పోయింది.

మర్నాడు పిల్ల ఒళ్ళు వెచ్చబడింది. ఎండలో నిలబెట్టాం, వెచ్చబడక ఏమవుతుంది అని అందరూ అన్నారు. ఎవరి గొంతులోనూ ధైర్యం లేదు. సాయంత్రం దాకా నేనూ నా భార్యా తడిగుడ్డలు మార్చుతూ పిల్ల కళ్ళే చూస్తూ కూర్చున్నాం. నేను ఏ దేవుణ్ణీ మొక్కకుండా వదలలేదు. దీపాల వేళకు చెమట పట్టి జ్వరం దిగింది. మూర్ఛ రాలేదు. గొట్టం అప్పటికే సారు చేతికి చేరింది.

వేలం రోజు పెద్దసారు ముందు బల్ల మీద పొడుగాటి చిల్లుల కాగితం పరిచారు. కాగితం మీద రెండు గీతలు. ఒకటి లోతు, ఒకటి వేడి. సైంటిస్టు సారు వేలు పెట్టి చూపించాడు. కిందటి రోహిణిలో చేప అడుగున ఉంది. వానలు పడగానే పైకి, తక్కువ నీళ్ళలోకి పోయింది, నెలల తరబడి తిరిగింది. నీళ్ళు తగ్గాక మళ్ళీ అదే లోతుకు వచ్చి పడుకుంది. ఆ లోతు మా మడుగుకు తప్ప ఆ చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. మా మామ నోటిమాట కాగితం మీద గీతగా కనిపించింది.

పెద్దసారు అద్దాలు పెట్టుకొని దగ్గరగా చూశాడు. "ఈ ముళ్ళేమిటి?"

గీతలో అక్కడక్కడ సూదుల్లా లేచినవి ఉన్నాయి. అక్కడ లోతు ఒక్కసారిగా సున్నాకు వచ్చింది. వేడి పైకి లేచింది. అరగంటకు అంతా మళ్ళీ మామూలే.

"తెలియదండీ" అన్నాడు సైంటిస్టు సారు నిజాయితీగా. "సొరచేపల్లో ఇలాంటివి చూడలేదు. యంత్రంలో లోపమేమో."

కాంట్రాక్టరు వెనక నుంచి నవ్వాడు. "మిషినే ఖరాబున్నది సార్. మిగిలినదంత ఎట్ల నమ్ముతరు?"

పెద్దసారు అద్దాలు తీసి కాగితం పక్కకు జరిపాడు. అప్పుడు గోడ పక్కన నిలబడ్డ మామ ముందుకు వచ్చాడు. చేతికి కట్టు ఉంది.

"మిషిను తప్పు గాదు సార్. కార్తీక పున్నానికి ముందు దినం సూడుండ్రి. పొద్దుగాల. మల్ల ముక్కోటేకాశి తెల్లారి సూడుండ్రి."

సైంటిస్టు సారు క్యాలెండరు చూసుకుంటూ కాగితం మీద వేలు జరిపాడు. పున్నమికి ముందు రోజు పొద్దున ఒక ముల్లు. ఏకాదశి మర్నాడు ఒక ముల్లు. ఆయన తల ఎత్తి మామ వైపు చూశాడు.

"గా రెండు నా వల సార్. వట్టిన, ఒడ్డు నీళ్ళల కట్టేసి, ఇంటికి వొయి పసుపు తెచ్చి పెట్టి ఇడిసిన. మా దగ్గర గట్ల ఆచారం. పిల్ల పానం కోసం ఇడిసిన చేపను మేం తినం."

పెద్దసారు కాగితం మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు. ముళ్ళను ఒక్కొక్కటే పెన్సిల్‌తో ముట్టుకుంటూ లెక్కపెట్టాడు. చివరిది మేము గొట్టం తీసిన రోజుది. అది కాక తొమ్మిది.

"మిగతా ఏడు ఎవరివి?"

"నాకెర్కలేదు సార్" అన్నాడు మామ. "ఎవరూ చెప్పరు."

వేలం రద్దని పెద్దసారు అప్పుడే రాశాడు. మడుగు కట్టుబాటు సొసైటీ చేతిలోనే ఉండాలని కూడా రాశాడు. కాంట్రాక్టరు కుర్చీ నెట్టి పోయాడు. మామ కట్టు కట్టిన చేత్తోనే పెద్దసారుకు దండం పెట్టాడు.

తిరుగు బస్సులో మామ నిద్రపోయాడు. నేను కాగితం ఒళ్ళో పరుచుకొని ముళ్ళనే చూస్తూ వచ్చాను. ఒకటి ఆ ముసలామెదో, వాళ్ళ ఇంట్లోవాళ్ళదో అయి ఉంటుంది. మిగతా ఆరు ఎవరివో నాకు ఇప్పటికీ తెలియదు. పావుగంటకోసారి మాత్రమే రాసుకునే యంత్రం అది, దాని రాతకు అందకుండా పట్టి వదిలినవాళ్ళు ఇంకెందరున్నారో. ఒక్కొక్కరూ నది ఒడ్డున చేపను కట్టేసి, పసుపు కోసం ఇంటిదాకా నడిచిపోయి, నా బిడ్డ పేరు తలుచుకొని దాన్ని నీళ్ళలోకి వదిలారు. కొత్త వల వస్తుందని తెలిసీ వదిలారు. తరవాత వాళ్ళ గుమ్మం ముందే సైకిలు ఆపి, నేను వాళ్ళను అమ్ముడుపోయారని తిట్టాను.